అనాతోతు పొలం

డిసెంబరు 31, రాత్రి తొమ్మిదిన్నర. బస్సు మనల్ని రాయల్పాడులో దించి వెళ్లిపోతుంది. రేగిన దుమ్ము అణిగాక చలి తెలుస్తుంది. అంగళ్ల బోర్డులన్నీ కన్నడం. టీకొట్టు ముందు మఫ్లర్లు చుట్టుకుని నిలబడ్డవాళ్ల మాటలన్నీ తెలుగు. కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో ఇది ఓ మూల. ఆంధ్ర సరిహద్దు దగ్గరే. రోడ్డుకు రెండు పక్కలా చీకట్లో మామిడి తోటలు. పూతకింకా రోజులున్నాయి. ఇప్పుడు గాలిలో వస్తున్నది టమాటా వాసన. ధర పలకక, మార్కెట్టుకు తోలితే బండి బాడుగ కూడా రాదని రోడ్డు వారన పారబోసిన కాయలవి. సెల్‌ఫోన్ వెలుగు వేస్తే ఎర్రగా, చితికిపోయి కనిపిస్తాయి.

ఆ కుప్ప దాటి సందులోకి తిరిగితే రేకుల కప్పు ప్రార్థన మందిరం. లోపల డోలక్ మోగుతోంది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి అడుగు పెట్టగానే ఒక అమ్మ "వందనాలు" అంటూ చేతులు జోడిస్తుంది. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు, అందరూ చాపల మీదే. నేల చల్లదనం చాప దాటి కాళ్లకు తగులుతోంది.

"ఏమప్పా, వణకతాండావే. ఇట్ల రా, కూచో."

దుప్పటి కప్పుకున్న రైతు ఒకాయన జరిగి చోటిస్తాడు. నలభై దాటి ఉంటాయి. చొక్కాకు పురుగుమందు వాసన ఇంకా వదల్లేదు. బయట కుప్పలో కాయలు కొన్ని ఈయనవే. మాటల్లో తెలుస్తుంది: రెండు బోర్లు ఎండిపోయాయి, మూడోది 1,200 అడుగులు వేయించాడు, అప్పు అక్కడిదే. ఏడాది పొడవునా పారే నది లేని జిల్లా ఇది. చెరువు నిండకపోతే భూమిని తొలుచుకుంటూ పోవడమే. 2023 జూలైలో కోలారు మార్కెట్టులో 15 కిలోల టమాటా బాక్సు 2,000 రూపాయలు దాటింది. అది చూసి చాలామంది నాటారు. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలింది. అప్పట్నుంచి ఈయనకు లెక్క కుదరలేదు.

పాట ఆగింది. సాక్ష్యాలు చెప్పుకునే వేళ. గోడకు ఆనుకుని ఉన్న పెద్దాయన లేవబోతే ఇద్దరు కుర్రాళ్లు రెక్క పట్టుకుని లేపుతారు. ఎనభై దాటిన మనిషి. కూతురింటికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బతుకంతా కేజీఎఫ్ బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్‌లో అండర్‌గ్రౌండ్ పని. మైకు వద్దంటాడు.

"నేను దిగినాను, మా నాయన దిగినాడు. కేజీలో, అదే లిఫ్టులో, కిందికి పోతా ఉంటే చెవులు గుయ్యిమంటాయి. రాయి సెగ కక్కతా ఉంటాది. మల్లా పైకొస్తామో లేదో తెలీదు. దిగేముందు ఒక మాట అనుకుంటాము, ప్రభువా అని. అంతే. పొడుగు ప్రార్థనకు టైమేది?"

1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టిన గనులవి. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది వాటికోసమే. తవ్వుతూ తవ్వుతూ మూడు కిలోమీటర్ల లోతు దాటారు. ఆ లోతులో రేగిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరేది. దుమ్ము చేరిన ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా కాపురం పెడుతుంది. పెద్దాయన తండ్రికి జరిగింది అదే.

"నెత్తురు కక్కినాడు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికి తీసుకపోయినారు."

ఆ పేరు వినగానే ఆడవాళ్ల వైపు ఇద్దరు ముగ్గురు తలలూపుతారు. ఆరోగ్యవరం పేరు తెలియని పాత కుటుంబం ఈ చుట్టుపక్కల ఉండదు. రకరకాల మిషన్లు చేతులు కలిపి 1912లో మొదలుపెట్టిన క్షయ శానిటోరియం అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి పెద్ద. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చేదాకా ఆ జబ్బును చంపే మందు ప్రపంచంలోనే లేదు. మంచిగాలి, తిండి, విశ్రాంతి. నెలల తరబడి పడక. పక్క మంచం ఖాళీ అయితే, ఆ మనిషి ఇంటికి పోయాడో మట్టికి పోయాడో అడగడానికి భయం.

"తొమ్మిది నెలలు వరండాలో మంచానున్నాడు మా నాయన. అప్పటికి ఆయనకు చదువు రాదు. బతుకుతావని ఎవురూ చెప్పలా. ఆ మంచం మీదనే పలక అడిగినాడు. అ ఆలు దిద్దినాడు. గుణింతాలు నేర్సినాడు. ఇంటికొచ్చినాడు, ఆరేండ్లు బతికినాడు. నాకు బైబులు చదవను నేర్పింది ఆయనే."

మందిరంలో చప్పుడు లేదు. ముప్పై ఎనిమిదేళ్ల గని కూలి, వచ్చే నెల ఉంటాడో లేదో తెలియని మనిషి, క గుణింతం దిద్దుకుంటున్నాడు. కళ్లు మూసుకుంటే ఆ వరండా, ఆ పలక కనిపిస్తాయి.

పెద్దాయన ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాడు. ఆయన రిటైరయ్యాక గనిలో కొడుకు ఉన్నాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. కొడుక్కి ఉద్యోగం పోయింది. మారికుప్పంలో తెల్లారకముందే రైలెక్కి బెంగళూరులో పనికి పోయి రాత్రికి తిరిగొచ్చే వేలమందిలో వాడూ ఒకడయ్యాడు. "పోతానే ఉండాడు. దేవునికి స్తోత్రం." సాక్ష్యం అయిపోయింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. కష్టంలో ఉన్నవాడి భుజం తట్టి "అంతా మంచే జరుగుతుందిలే" అనడం ఆశ కాదు. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్న ఇంట్లో ఆ మాట గాయం మీద కారం. విశ్వాసం ఉంటే నష్టమే రాదని చెప్పే బోధ మరీ క్రూరం. నష్టపోయినవాడి నెత్తిన తప్పు కూడా పెడుతుంది. గిట్టుబాటు ధర ఇమ్మని అడగడం అవిశ్వాసం కాదు. ఈ చాపల మీద కూర్చున్నవాళ్లు నేర్చుకున్న ఆశ వేరు. అది ముందు చేతుల్లో మొదలవుతుంది. గుండెకు తర్వాత చేరుతుంది, ఒక్కోసారి చాలా ఆలస్యంగా.

పాస్టరుగారు లేస్తారు. పొద్దున తోటపనికి వెళ్లి, సాయంత్రం స్నానం చేసి వచ్చిన మనిషి. యిర్మీయా 32వ అధ్యాయం తీయమంటారు. పేజీలు గలగలమంటాయి.

యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. ప్రవక్త యిర్మీయా చెరసాల ప్రాకారంలో ఖైదీ. పట్టణం పడిపోతుందని చెప్పినందుకే లోపల వేశారు. అప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొనుక్కో అంటాడు. శత్రువు దండు దిగిన నేలలో పొలం! అది ప్రభువు మాటేనని యిర్మీయా కొంటాడు. 17 తులాల వెండి త్రాసులో తూచి ఇస్తాడు. దస్తావేజు రాస్తాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టిస్తాడు, ముద్ర వేస్తాడు. చాలాకాలం చెడిపోకుండా ఉండాలని దాన్ని మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకు చేతికిస్తాడు.

"డబ్బు కట్టినాక ఏం చేసినాడో చూడండి" అంటారు పాస్టరుగారు. "ప్రార్థన చేసినాడు. ఏమని? ఊరు పోతావుంది కదా ప్రభువా, నన్నెందుకు కొనమన్నావు అని! అర్థమయినాక కొనలేదప్పా ఆయన. కొని, మల్లా అడిగినాడు."

పక్కన రైతు దుప్పటి సర్దుకుంటాడు. పొలం, దస్తావేజు, సాక్షి సంతకాలు: ఈ చాపల మీద ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన మాటలు కావు. తాలూకా కచేరీ చుట్టూ తిరిగి అరిగిన కాళ్లే అన్నీ.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా అందరం మోకాళ్ల మీద ఉంటాం. ఒక్కో నోట ఒక్కో ప్రార్థన, అన్నీ కలిసి వానచప్పుడులా. బోరు, కూతురి పెళ్లి, ఫీజు, మందులు. బస్టాండు వైపు టపాకాయలు పేలతాయి. కొత్త సంవత్సరం. స్టీలు పళ్లెంలో బైబిలు వాక్యాలున్న వాగ్దానపు కార్డులు తిరుగుతాయి. రైతు ఒకటి తీసి, లైటు కిందికి వెళ్లి రెండుసార్లు చదువుకుని, చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఏముందో మనం అడగం.

టీ, బన్ను తిని బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మంచు పడుతోంది. ఆయన ఇంటికి కాదు, చేనికేసి నడుస్తాడు. మోటారుకు త్రీఫేజు కరెంటు ఇవాళ రాత్రిపూటే. వెంట వెళ్తాం. గట్టు మీద తాటాకు చూరు కింద నారు ట్రేలు వరసగా ఉన్నాయి, వేలెడంత టమాటా మొక్కలు. మళ్లీ టమాటానేనా?

"ధర ఉంటాదో లేదో దేవునికెరుక. మంచిగుంటాదని నాకెవురూ చెప్పలే" అంటాడు, డ్రిప్పు పైపు కాలితో సరిచేస్తూ. "నారు ఎదిగింది. ఈ వారంలో నాటల్ల. అంతే నాకు తెలిసింది."

మోటారు పెట్టె దగ్గర కూర్చుంటాం. కుక్క ఒకటి వచ్చి పాదాల దగ్గర ముడుచుకుంటుంది. రెండూ పావుకు కరెంటు వస్తుంది. ఆయన స్టార్టరు నొక్కుతాడు. 1,200 అడుగుల కింద నుంచి నీళ్లు పైకి రావడానికి కొంతసేపు పడుతుంది. పైపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నీళ్లొచ్చాయి.