మెదడునకు కొలబద్ద

నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము పేరునకు క్రొత్తది. దాని మర్మము మాత్రము మీకు చిరకాలముగా తెలిసినదే. మనుష్యుని మెదడును చిత్రముగా తీసి, ఆ చిత్రమును కంప్యూటరుచేత కొలిపించు సాఫ్ట్‌వేరులు నేడు పరిశోధనాలయములలో వాడుకలో నున్నవి. అట్టి సాఫ్ట్‌వేరును యంత్రమున నెలకొల్పు పని యెట్టిది, అది కొలుచుటకు వాడు మానము ఎవరి శిరస్సునుండి పుట్టినది, ఆ మానము మనకు సరిపోవునా అను మూడు ప్రశ్నలను విచారింతము.

కోయిలకుంట్ల సీమవారికి కొలతల చరిత్ర పాతది. 1800లో నిజాము ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన పిమ్మట థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పాలించెను. మన పూర్వులు మండ్రోలయ్య యని పిలిచినది ఇతనినే. 1802లో ఇతడు మొదలుపెట్టించిన సర్వేకు ముప్పదిమూడడుగుల గొలుసు ప్రమాణము. ఆ గొలుసు పొడవును, అంతే వెడల్పును గల చదరము ఒక గుంట. అట్టి గుంటలు 40 అయిన ఒక యెకరము. 1808లో దత్తమండలములు రెండుగా చీలినప్పుడు కోయిలకుంట్ల కడప జిల్లాలో చేరెను. 1858లో కర్నూలు జిల్లాకు పోయెను. 2022లో నంద్యాల జిల్లాలోనికి వచ్చెను. జిల్లా మూడు మారులు మారినను, కుందూనది యొడ్డునున్న నల్లరేగడి చేను ఒక్క గుంటయు పెరుగలేదు, తరుగలేదు. ఏలయన, ఏ గొలుసుతో కొలిచినదియు దస్తరములో వ్రాసియుండెను. ఆ గొలుసు సాగినదైనచో భూమి మారదు. లెక్క మారును, లెక్కతో శిస్తు మారును. మెదడు కొలతకును ఇదియే ధర్మము.

ఇక మెదడు చిత్రము మాట. 1895లో జర్మనీదేశపు పండితుడు రాంట్‌జెన్ ఎక్సురేలను కనిపెట్టెను. వానితో ఎముక కనబడును గాని, ఎముకగూటిలో దాగిన మెత్తని మెదడు కనబడదు. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రముతో మొట్టమొదట ఒక రోగి మెదడును పొరలు పొరలుగా చిత్రింపగలిగిరి. దానినే మనము సి.టి. స్కాను అనుచున్నాము. 1973లో లాటర్‌బర్ అను నతడు అయస్కాంతశక్తితో చిత్రము తీయు మార్గమును ప్రకటించెను. మాన్స్‌ఫీల్డు దానిని వృద్ధిచేసెను. వీరిరువురికిని 2003లో నోబెలు బహుమానము లభించినది. అదియే ఎం.ఆర్.ఐ. దానియందు ఎక్సురేలు లేవు. శరీరములోని నీటి యందలి సూక్ష్మకణములు బలమైన అయస్కాంతమునకు లోబడి, రేడియో తరంగము తాకినపుడు బదులు పలుకును. ఆ పలుకునుబట్టి యంత్రము చిత్రము గీయును. మనము వినుచున్న ఈ ప్రసంగమును మోసుకొనివచ్చు తరంగముల జాతివే ఆ తరంగములును.

చిత్రము వచ్చినంతమాత్రమున కొలత రాలేదు. ఇద్దరి ముఖములు ఒక్కటి కానట్లే ఇద్దరి మెదడులును ఒక్కటి కావు. నూరుగురి మెదడులను పోల్చవలెనన్నచో, అన్నిటిని ఒక నమూనా మెదడుపై సరిపెట్టి చూడవలెను. పారిసు నగరములో జాన్ తలైరాక్ అను వైద్యుడు అట్టి పటమును తయారుచేసెను. 1988లో తూర్నూ అను సహాయునితో కలసి అతడు ప్రకటించిన పటమునకు ఆధారము అరువదియేండ్ల స్త్రీ యొకతె మరణానంతరము కోసి చూచిన మెదడు. ఒక్క స్త్రీ మెదడు లోకమునకెల్ల ప్రమాణమయ్యెను! ఇది చాలదని కెనడాదేశములోని మాంట్రియలు విద్వాంసులు, 1990 తరువాతి సంవత్సరములలో, 305 మంది యొక్క ఎం.ఆర్.ఐ. చిత్రములను కలిపి సగటు మెదడు నొకదానిని కట్టిరి. వారిలో పురుషులు 239, స్త్రీలు 66. మిక్కిలిగా ఇరువది దాటిన పడుచువారు. తరువాత 152 మంది చిత్రములతో కట్టిన పటము దాని స్థానమున వ్యాపించినది.

ఈ పటములపై పనిచేయు సాఫ్ట్‌వేరులలో మూడింటి పేరు చెప్పిన చాలును. లండనులో కార్ల్ ఫ్రిస్టన్ మొదలిడిన ఎస్.పి.ఎం., ఆక్సుఫర్డులో పుట్టిన ఎఫ్.ఎస్.ఎల్., అమెరికాలోని బోస్టను వైద్యశాలలో పెరిగిన ఫ్రీసర్ఫర్. మూడును పరిశోధకులకు వెల లేకుండ దొరకును. అయినను నెలకొల్పుట మాత్రము సులభము కాదు. ఎస్.పి.ఎం. సాధారణముగా మ్యాట్‌ల్యాబ్ అను వేరొక సాఫ్ట్‌వేరు మీద నిలిచి పనిచేయును. దాని యునికి ఎచ్చటనో మ్యాట్‌ల్యాబునకు చూపవలెను. ఎఫ్.ఎస్.ఎల్. లినక్సు, మ్యాకు యంత్రములకు చెందినది. విండోసు యంత్రమున దానిని నిలుపవలెనన్నచో, ఇంటిలో ఇంకొక గది కట్టినట్లు, ముందుగా లినక్సునకు లోపల చోటు కల్పింపవలెను. ఫ్రీసర్ఫరునకు పేరు నమోదు చేయించుకొని, అనుమతి పత్రమును తెచ్చి, చెప్పినచోట నుంచవలెను. ఆసుపత్రి యంత్రమునుండి వచ్చు చిత్రములు వేరొక రూపమున నుండును గనుక వానిని ఈ సాఫ్ట్‌వేరులు చదువు రూపములోనికి మార్చవలెను. ఆ మార్పులో కుడి యెడమలు తారుమారు కాకుండ కాచుకొనవలెను. అన్నియు సమకూడిన పిమ్మట ఫ్రీసర్ఫరు ఒక్క మెదడును కొలుచుటకు పలు గంటలు పట్టును.

కాని నేను ముఖ్యముగా చెప్పదలచినది ఈ శ్రమను గూర్చి కాదు. ఎస్.పి.ఎం.ను గాని, ఎఫ్.ఎస్.ఎల్.ను గాని యంత్రమున నిలిపిన నాడు, వానితోకూడ ఆ మాంట్రియలు మెదడు మన యింట ప్రవేశించును. దానిని పిలిచినవాడు లేడు. అది సామానులోనే యుండును. తెలియనివాడు దానినే మానవజాతి మెదడని తలచును. అందుచేత సాఫ్ట్‌వేరును నెలకొల్పుట యనగా గొలుసును ఎన్నుకొనుటయే యని నా యభిప్రాయము.

ఇందులో మరియొక చిక్కు గలదు. 2012లో నెదర్లాండ్సు పరిశోధకులు 30 మంది మెదడు చిత్రములనే తీసికొని, ఫ్రీసర్ఫరు యొక్క మూడు సంచికలతో వేర్వేరు యంత్రములపై కొలిచిరి. మెదడులు అవియే, చిత్రములు అవియే. అయినను క్రొత్త సంచికకును పాతవానికిని భాగముల పరిమాణములలో సగటున నూటికి 8.8 వంతుల భేదము కనబడెను. యంత్రము మారినను, దాని మూలవ్యవస్థ మారినను కొంత భేదము వచ్చెను. సాఫ్ట్‌వేరు సంచిక వ్రాయనిచో మెదడు కొలతయు నమ్మదగినది కాదు.

ఇక మన గొలుసు సంగతి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి.లో జయంతి శివస్వామి నాయకత్వమున, తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్యసంస్థతో కూడి, 50 మంది పురుషులు, 50 మంది స్త్రీల చిత్రములతో భారతీయ మెదడు పటము నొకదానిని కట్టి 2019లో ప్రకటించిరి. పాశ్చాత్యుల పటముకంటెను, చీనా, కొరియా దేశీయుల పటములకంటెను మన సగటు మెదడు కొలతలో చిన్నదని తేలెను. ఇందుకు చిన్నబోవలసిన పని లేదు. మెదడు పరిమాణము బుద్ధికి కొలత కాదు. 2020లో బెంగుళూరు నిమ్‌హాన్స్ పరిశోధకులు, ఇతరులతో కలసి, 6 మొదలు 60 యేండ్ల వరకు వయస్సునుబట్టి అయిదు భారతీయ పటములను ప్రకటించిరి.

అరువది యేండ్ల వరకు! వినుచున్న పెద్దలలో పలువురు ఆ గీత దాటినవారే. ముదిమిలో మెదడు కొంత కుంచించుకొనుట సహజము. మతిమరపు వ్యాధియందు జ్ఞాపకశక్తికి నెలవైన హిప్పోకాంపసు అను భాగము అంతకుమించి క్షీణించును. ఏది సహజమో ఏది వ్యాధియో తేల్చుటకు, మనవంటి వయస్సు, మనవంటి తిండి, మనవంటి కష్టము గల ఆరోగ్యవంతుల కొలత కావలెను. తల పరిమాణమునుబట్టి లెక్క సవరించు ఉపాయములు సాఫ్ట్‌వేరులలో లేకపోలేదు. కాని పరాయి పడుచువాని నమూనాపై రాయలసీమ రైతు ముసలితనమును పరచి చూచుట సరియైన న్యాయము కాదు.

ఈ లోపము తీర్చు ప్రయత్నము సమీపముననే జరుగుచున్నది. తెలుగు మాటలాడువారు విస్తారముగా నున్న కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెలలో, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రము 2018లో ఒక పరిశీలన మొదలుపెట్టినది. నలుబదియైదేండ్లు దాటిన పదివేలమంది గ్రామస్థులను ఏండ్ల తరబడి మరల మరల పరీక్షింపవలెనని వారి సంకల్పము. అందులో ఎం.ఆర్.ఐ. చిత్రములును చేరియున్నవి.

మీరు చేయదగిన పనులు రెండు గలవు. ఇంటిలో నెవరికైన మెదడు చిత్రము తీయించినచో, ఆ ఫిలుమును, డిస్కును, నివేదికను పొలము కాగితములవలె భద్రపరచుడు. మరల తీయించినపుడు పాతవానిని వెంటగొనిపోయి, రెండు కొలతలును ఒకే యంత్రము, ఒకే సంచిక మీద జరిగినవా యని వైద్యుని వినయముగా నడుగుడు. ఒక్క కొలతను చూచి కలతపడవలదు. వైద్యుడు రోగి మాటను, నడకను, జ్ఞాపకమును చూచియే నిశ్చయించును. రెండవది, నమ్మదగిన సంస్థవారు మీ పల్లెకు వచ్చి ఇట్టి పరిశీలనకు పెద్దలను పిలిచినచో, సంగతులన్నియు అడిగి తెలిసికొని, ఇష్టమైనచో ముందుకు రండు. మన్రోనాటి సర్వేలో హద్దు చూపినవారు ఊరి మనుష్యులే. హద్దు చూపువాడు లేని పొలమునకు కొలత తప్పును. పల్లె పెద్దలు చేరని పటమున వారి ముదిమి వ్యాధిగానే లెక్కకు రావచ్చును.