సిజేరియన్ బాలింత సంరక్షణ

కడుపు కోసి బిడ్డను తీశాక తల్లి ఇంట్లో కోలుకునే కాలాన్ని సాధారణంగా 6 వారాలుగా లెక్కిస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే.

గాయం: పైచర్మం త్వరగానే అతుక్కున్నా లోపలి పొరలు, గర్భసంచి మానడానికి వారాలు పడుతుంది. అందుకే బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తకూడదు. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేయి ఆనించి లేవాలి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమిపట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. ఇంట్లో మెల్లగా నడుస్తుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

పథ్యం: పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం పెట్టడం వాడుక. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయన్న నమ్మకం తప్పు. నీళ్లు తగ్గితే మలబద్ధకం వస్తుంది. ముక్కితే కుట్లు లాగుతాయి. ఐరన్ మాత్రలు 180 రోజులు వాడాలి.

పర్యవేక్షణ: ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం ఆశా కార్యకర్త 7వ రోజు నుంచి 42వ రోజు లోపు 5 సార్లు ఇంటికి రావాలి.

ప్రమాద సూచనలు: జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము, అధిక రక్తస్రావం, పిక్కలో వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.