ముత్తుకూరు గాలి, కారు రంగు

మా మనవరాలు కారు కొంటానని నెల్లూరు షోరూముకు తీసుకెళ్ళింది. అక్కడి కుర్రాడు పలక లాంటిది చేతికిచ్చి వేలితో జరపమన్నాడు. జరిపినకొద్దీ అదే కారు రంగు మారతా ఉంది. ఏడు రంగులు, అవి కాక నల్ల టాపువి ఇంకో రెండు. నలభై ఏళ్ళు కార్లకు రంగు కొట్టినవాణ్ణి నేను. ఒక్క మడ్‌గార్డు రంగు మార్చాలంటే నాకు మూడు రోజులు పట్టేది.

"తెల్లది తీసుకోమ్మా" అన్నాను.

"ఎందుకు తాతా?"

ఎండకు మంచిదన్నాను. రేపు అమ్మేటప్పుడు ధర పలుకుతుందన్నాను. రెండూ నిజాలే. అసలు కారణం వేరే ఉంది. అది ఆ కుర్రాడి ముందు చెప్పుకునేది కాదు. ఇంటికొచ్చి నా రంగుల పుస్తకం తీశాను.

1985లో ముత్తుకూరులో సొంత షెడ్డు వేసినప్పుడు కొన్న పొడుగు లెడ్జరు అది. వచ్చిన ప్రతి బండికీ తేదీ, నంబరు, ఏ రంగులో ఏది ఎంత కలిపానో రాసి, పక్కన రంగు కొట్టే గన్నులో మిగిలిన చుక్కను బొటనవేలితో అద్దేవాణ్ణి. మళ్ళీ అదే బండి గీత పడి వస్తే వెతుక్కోనక్కర్లేకుండా. అట్టా మూడు పుస్తకాలు నిండాయి. తిరగేస్తే మా ఊళ్ళో ఎవరి చేతిలో ఎప్పుడు డబ్బులాడిందో ఆ వేలిముద్రలే చెబుతాయి.

అంతకు ముందు సంగతి పుస్తకంలో లేదు, నా తలకాయలో ఉంది. 1970లో పదిహేనేళ్ళవాణ్ణి నెల్లూరులో ఒక షెడ్డులో చేరాను. అప్పుడు కార్లంటే మూడే. ఉత్తర్‌పారాలో తయారయ్యే అంబాసిడరు, బొంబాయి ఫియట్టు, మద్రాసులో చేసే స్టాండర్డ్ హెరాల్డు. ఆ ఫియట్టుకే 1974లో పద్మిని అని పేరు పెట్టారు. బియ్యం మిల్లు షావుకార్లకూ డాక్టర్లకూ తప్ప మిగతావాళ్ళకు కారంటే సర్కారు అంబాసిడరే. కొనాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. తీరా కబురొచ్చాక రంగు నచ్చలేదని ఎవరంటారు? పెళ్ళిచూపుల్లో పిల్లను అడిగినట్టే ఉండేది ఆ వ్యవహారం, అడగటం మర్యాదకే.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఢిల్లీలో హర్పాల్ సింగ్ అనే ఆయన చేతికిచ్చారు. ధర 47,500 రూపాయలు. ఆ మొదటి బండి కూడా తెల్లదే. అది మా పక్కకు రావటానికి కొన్నేళ్ళు పట్టింది. వచ్చాక మాత్రం మా మేస్త్రీ రేకును గోటితో తట్టి, "ఇది అప్పడం రా నాయనా, సుత్తి పడితే కుదరదు" అన్నాడు. అంబాసిడరు రేకు మీద సుత్తితో ఎంత ఆడినా ఓర్చుకునేది.

ఇక రంగు సంగతి. మా షెడ్లలో పనిని డ్యూకో అనేవాళ్ళం. "బండికి డ్యూకో కొట్టించా" అంటారు ఇప్పటికీ. అది అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పెయింటు పేరు. 1923లో ఓక్లాండ్ అనే కారుకు దాన్ని నీలంలో కొట్టారు. దానికి ముందు కార్ల వార్నిషు ఆరటానికి వారాలు పట్టేది. 1914 నుంచి 1925 దాకా ఫోర్డు తన మోడల్-టీని ఒక్క నలుపులోనే అమ్మాడంటే, తొందరగా ఆరే నలుపు చేతిలో ఉండటం దానికో కారణమంటారు. డ్యూకో గంటల్లో ఆరిపోయింది. కార్లకు రంగులొచ్చింది ఆ ఆరటం వల్లే. ఇదంతా నాకు నేర్పింది మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో పెయింటు కొట్టు ముసలాయన. డబ్బా మూత తీసేలోపల ఒక పాఠం చెప్పేవాడు.

గంటల్లో ఆరటమే మా ఊళ్ళో చిక్కు తెచ్చింది. ఈ పెయింటులో కలిపే తిన్నరు ఎగిరిపోతూ రేకును చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఉంటే ఆ చల్లటి రేకు మీద సన్నగా నీరు చేరి, ఇంకా ఆరని రంగులో ఇరుక్కుంటుంది. పొద్దున చూస్తే నీలం బానెట్టు మీద పాలమీగడ తేలినట్టు తెల్లపొర. మబ్బు పట్టిందనేవాళ్ళం. సముద్రం పక్కన ఊరు, పైగా మాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే. ఆ మూడు నెలలూ ముదురు రంగు కొట్టటమంటే జూదం. నిదానంగా ఎగిరే తిన్నరు కలిపి చూసేవాళ్ళం, షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టిన మూర్ఖులూ ఉన్నారు. తిన్నరు పక్కన నిప్పు! దేవుడు చల్లగా చూశాడు.

తెలుపు మీద మబ్బు కనపడదు.

నేను షోరూములో మింగేసిన కారణం ఇదే. తెలుపు పెయింటరు తప్పుల్ని కడుపులో దాచుకుంటుంది. పుట్టీ కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా, నీళ్ళపేపరు సరిగ్గా పట్టకపోయినా, పాత తలుపు పక్కన కొత్త మడ్‌గార్డు పెట్టినా తేడా తెలియనివ్వదు. వెండి మెరుపు రంగులైతే గన్ను పట్టిన కోణం మారితేనే రెండు రంగులుగా కనపడతాయి. అందుకని బండి రంగు మారుస్తానని వచ్చిన ప్రతివాడికీ "తెలుపు కొట్టించు సామీ, చల్లగా ఉంటుంది" అని చెప్పి పంపించాను. నేనొక్కణ్ణే కాదు, కోట నుంచి కావలి దాకా ప్రతి షెడ్డువాడూ ఇదే చెప్పుంటాడు. జనం తెలుపును ఇష్టపడ్డారని రాస్తారు పేపర్లలో. ఇష్టపడేట్టు చేసిందెవరో మాకు తెలుసు.

పుస్తకంలో ఒక్క చోట మాత్రం నా మాట చెల్లలేదు. 1991 నుంచి 94 దాకా పేజీలు ఎర్రగా ఉంటాయి. టైగర్ రొయ్య కాలం అది. వరి చేలు తవ్వి గుంటలు చేశారు. ఉప్పుటేరు నీళ్ళు తోడటానికి పగలూ రాత్రీ ఇంజన్లు ఆడేవి. ఒక్క పంట చేతికొస్తే సైకిలు తొక్కినవాడు మారుతి ఎక్కేవాడు, మారుతి ఉన్నవాడు దాన్ని తమ్ముడికిచ్చి కొత్తదానికి పరుగెత్తేవాడు. వాళ్ళకు ఎరుపే కావాలి. దూరాన గట్టు మీద వస్తుంటే ఫలానావాడి బండని తెలియాలి గదా! ఎరుపు ఎండకు వెలిసిపోతుంది, రెండు వేసవులకే రోజాపువ్వు రంగుకు దిగుతుందని మొత్తుకున్నాను. "దిగితే మళ్ళీ కొట్టిస్తాం మేస్త్రీ" అన్నారు. నిజంగానే వచ్చి కొట్టించారు కొందరు.

తర్వాత తెల్లమచ్చ జబ్బు వచ్చింది. 1994, 95ల్లో ఈ తీరమంతా గుంటలు తెల్లారేసరికి చచ్చిన రొయ్యలతో తేలాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీర నియంత్రణ ప్రాంతంలో సంప్రదాయ పద్ధతివి కాని రొయ్యల గుంటలు తీసేయమని తీర్పిచ్చింది. నా పుస్తకంలో ఆ రెండేళ్ళూ ఎరుపు పక్కన తెలుపు, ఎరుపు పక్కన తెలుపు. ఎర్ర కార్లన్నీ షెడ్డుకొచ్చి తెల్లబడి అమ్ముడుపోయాయి. ఎర్రబండి కొంటే అది ఎవరిదో ఊరంతటికీ తెలుసు, తెల్లబండికి పాత పేరుండదు. ఆర్సీలో రంగుకొక గడి ఉంటుంది, మార్చినప్పుడు ఆర్టీవో ఆఫీసులో రాయించుకోవాలి. రాయించుకోనివాళ్ళ గురించి నేను మాట్లాడను. ఆ నెలల్లో నాకు చేతినిండా పని. ఒకాయన గన్ను చప్పుడు వినలేక బయట వేపచెట్టు కింద కూర్చుండిపోయాడు. అంత సంపాదన నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు, దాన్ని తల్చుకుని సంతోషించిందీ లేదు.

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చి గుంటలు మళ్ళీ నిండాయి కానీ ఎరుపు తిరిగి రాలేదు. 2008 జులైలోనే కృష్ణపట్నం పోర్టు తెరిచారు. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లతో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం లేచింది. అద్దె బండ్లకు గిరాకీ. పసుపు బోర్డు తగిలించిన తెల్ల బొలేరోలు, తెల్ల ఇన్నోవాలు. కొత్తగా కొనేవాళ్ళు కూడా రేపు అద్దెకు పెట్టుకోవచ్చని తెల్లదే తీసుకునేవాళ్ళు. మూడో పుస్తకంలో నలభై పేజీలు నేను చుక్క కూడా అద్దలేదు. తెల్ల కాగితం మీద తెల్ల చుక్క ఎందుకు? "తె" అని రాసి వదిలేశాను. తమాషా ఏందంటే, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద తెల్లబండి సాయంత్రానికి బూడిద రంగే.

పుస్తకాలను వెనకవైపు నుంచి తిప్పితే దారులుంటాయి. యాక్సిడెంటయిన బండిని ఎక్కడికెళ్ళి చూడాలో, ఎవరి ఇల్లు ఎట్టా పోవాలో రాసుకున్నవి. "చింతచెట్టు దాటినాక రెండో గట్టు, కుడి కాదు" అని ఒకటి ఉంది. ఆ చింతచెట్టు లేదిప్పుడు. మద్రాసు పోవాలంటే నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ, గుమ్మిడిపూండి, రెడ్‌హిల్స్. కిలోమీటరు రాయికి పసుపు తల ఉంటే నేషనల్ హైవే మీదున్నట్టు, పచ్చ తలైతే స్టేటు రోడ్డులోకి తప్పిపోయినట్టు. అప్పటి 5వ నంబరు రోడ్డు 2010లో 16 అయింది. నేనింకా అయిదే అంటాను, మనవరాలు దిద్దుతుంది.

మా తాత కాలంలో అసలు రోడ్డే కాదు దారి. బకింగ్‌హామ్ కాలువ, పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, కృష్ణపట్నం మీదుగానే పోతుంది. ఆయన ఉప్పు పడవకు తాడు కట్టుకుని గట్టు వెంబడి లాగేవాడు. కాలువలో దారి తప్పేదేముంది, అలుపొచ్చేదాకా నడవటమే. సముద్రం మీదవాళ్ళకు లైట్‌హౌసు ఉంది.

మనవరాలికి రంగు కన్నా తెర ముఖ్యం. పది అంగుళాలది కావాలి, ఫోను తగిలించకుండానే మ్యాపు రావాలి, తెలుగులో చెప్పాలి. షోరూము కుర్రాడు జీపీఎస్ గురించి చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. మేము అట్టాంటి ఉపగ్రహాలను డాబా మీద నిలబడి సాగనంపినవాళ్ళం! 2013 జులై 1, రాత్రి 11 గంటల 41 నిమిషాలు. పదేళ్ళ పిల్లను నిద్రలేపి పైకి తీసుకెళ్ళాను. దక్షిణాన శ్రీహరికోట దిక్కు ఆకాశం నారింజపండు రంగుకు తిరిగి, నిప్పు చుక్క ఒకటి వంగుకుంటూ సముద్రం మీదికి పోయింది. అది మన సొంత దారిచూపే వరుసలో మొదటిది, ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఎ. 2016 ఏప్రిల్‌లో ఏడోది వెళ్ళాక ఆ వరుసకు నావిక్ అని పేరు పెట్టారు. అన్నీ సవ్యంగా జరగలేదు. మొదటిదాంట్లో గడియారాలు చెడిపోయాయి, 2017లో ఒకటి పైకప్పు ఊడక అందులోనే చిక్కుకుపోయింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగమని పొద్దున్నే అందరం చూశాం, ఎన్‌వీఎస్-02. రాకెట్టు బాగానే పోయింది, పైన ఒక వాల్వు తెరుచుకోక అది చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. గన్నులో సూది ఇరుక్కుంటే మొత్తం పని ఆగిపోవటం నాకు తెలుసు కాబట్టి నేనేమీ అనలేదు.

2000 మే నెల దాకా అమెరికా సైన్యం జీపీఎస్ సంకేతాన్ని మామూలు జనానికి కావాలనే మసకచేసి ఇచ్చేదట. వంద మీటర్ల దాకా తప్పేది. మా దగ్గర వంద మీటర్లంటే రోడ్డుకూ గుంటకూ ఉన్న దూరం. ఇప్పుడు మసక లేదు, అయినా పోయినేడు స్నేహితురాలి కారులో నన్ను పెళ్ళికి తీసుకెళ్తూ ఫోనులో మ్యాపు చెప్పిందని తిప్పింది మా పిల్ల. రొయ్యల గుంటల నడిమి గట్టు అది. నాలుగు పక్కలా నీళ్ళు, ఎదురుగా ఏరేటరు చక్రాలు. పైనుంచి చూసిన ఉపగ్రహానికి గట్టూ రోడ్డూ ఒకటే గీత. అర కిలోమీటరు వెనక్కి నడిపించుకొచ్చాను, నేను దిగి ముందు నడుస్తూ చెయ్యి ఊపుకుంటూ. కాపలావాడు "నాలుగోది సామీ ఈ నెలలో" అన్నాడు.

ఇవన్నీ విని, పుస్తకాలు మూడూ తిరగేసి, మనవరాలు ముదురు నీలం చెప్పింది. మబ్బు పట్టే రంగు. "ఇప్పుడు ఫ్యాక్టరీలో కొలిమి గదుల్లో ఆరబెడతారు తాతా, మీ గాలి తగలదు" అంది. నిజమే. పైన క్లియర్ కోటు, కింద తుప్పు పట్టని పూత. గీత పడితే కంప్యూటరులో కోడు కొట్టి రంగు కలుపుతారు, నా కంటితో పని లేదు.

కారు వచ్చిన రోజు గొలగమూడి వెంకయ్యస్వామి దగ్గర నిమ్మకాయలు తొక్కించాం. కుర్రాడు ఇచ్చిన సంచిలో టచప్ సీసా ఉంది, గోళ్ళరంగు సీసాలాగా బుల్లి కుంచెతో. రాత్రి మూడో పుస్తకం చివరి పేజీ తీసి, ఆ నీలం ఒక చుక్క వేసి బొటనవేలితో అద్దాను. అక్టోబరు కదా, బయట తుంపర. పొద్దున లేచి ముందు అదే చూశాను, మబ్బు పట్టలేదు. తేదీ వేశాను. పాళ్ళు రాసే చోట రాయటానికేం లేక కంపెనీ కోడు ఎక్కించాను. నంబరు ఇంకా రాలేదు, ఆ గడి ఖాళీగా వదిలిపెట్టాను.