పితృత్వ నిర్ణయం: నెత్తురు చెప్పిన సాక్ష్యం

బిడ్డను కన్న తల్లి ఎవరో పదిమందికీ తెలుసును. తండ్రి ఎవరన్నది మాత్రం చిరకాలం నమ్మకం మీదనే నడచినది. తల్లిదండ్రులు కలిసి ఉన్నంతకాలం ఆ నమ్మకానికి రుజువు అక్కరలేదు. వారు విడిపోయి, బిడ్డకు తిండీ బట్టా ఎవరివ్వాలన్న తగవు న్యాయస్థానానికి ఎక్కినప్పుడే చిక్కు వస్తుంది.

రుజువు చేసే సాధనం లేని రోజులలో చట్టం ఒక భావనను ఆశ్రయించినది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 112వ సెక్షను ప్రకారం, వివాహబంధం నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డయే. ఆ బంధం తెగి, తల్లి మరల పెండ్లాడకుండా ఉంటే, 280 దినాలలోగా పుట్టిన బిడ్డకూ ఇదే వర్తించేది. గర్భధారణ కాలంలో దంపతులు కలుసుకొనే వీలే లేకపోయినదని చూపితే తప్ప దీనికి తిరుగులేదు. బిడ్డకు అపనింద రాకుండా ఇది కాపాడినది. మరి పెండ్లి లేనిచోట? 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 488వ సెక్షను అట్టి బిడ్డకు కూడా తండ్రి భరణమివ్వాలన్నది. కాని ఆ తండ్రి ఎవరో తేల్చడానికి సాక్షుల మాటలే దిక్కు.

ఈ చీకటిలో మొదటి దీపం వియన్నా నగరంలో వెలిగినది. మనుష్యుల రక్తంలో వేరువేరు వర్గాలున్నవని 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకటించినాడు. ఇవి వంశపారంపర్యంగా వస్తాయని 1910లో ఫాన్ డుంగెర్న్, హిర్ష్‌ఫెల్డ్ అనే శాస్త్రజ్ఞులు చూపినారు. బిడ్డ రక్తంలో ‘బి’ లక్షణం ఉండి, తల్లిలో అది లేకపోతే, తండ్రి నుండే రావాలి. ‘ఓ’ వర్గం వానిలో ‘ఏ’, ‘బి’ రెండూ ఉండవు. కాబట్టి అతడు ఆ బిడ్డకు తండ్రి కాడు. అయితే ఒకనిది ‘బి’ వర్గమైనంత మాత్రాన అతడే తండ్రి అనరాదు. ఆ వర్గంవారు లోకంలో కోట్లమంది ఉన్నారు గదా! అనగా రక్తవర్గం ‘కాదు’ అని చెప్పగలదు. ‘అవును’ అని చెప్పలేదు.

ఆ ‘కాదు’ను సైతం న్యాయస్థానాలు వెంటనే ఒప్పుకోలేదు. ప్రఖ్యాత నటుడు చార్లీ చాప్లిన్‌పై అమెరికాలో వచ్చిన వ్యాజ్యమే ఇందుకు తార్కాణం. తల్లిది ‘ఏ’, బిడ్డది ‘బి’, చాప్లిన్‌ది ‘ఓ’. అయినా 1945లో జూరీ అతనినే తండ్రిగా నిర్ణయించినది. వారానికి 75 డాలర్లు చెల్లించవలసివచ్చినది. రక్తపరీక్షయే తుదిమాట అనే శాసనం కాలిఫోర్నియాలో లేదని 1946లో అప్పీలు కోర్టు తీర్పును నిలబెట్టినది. 1953లో ఆ రాష్ట్రం అట్టి శాసనం చేసినది.

‘అవును’ అనే మాటకు 1984 వరకు ఆగవలసివచ్చినది. ఆ సంవత్సరం ఇంగ్లండులోని లీస్టరులో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. ముద్రలను కనుగొన్నాడు. బిడ్డ ముద్రలోని గీతలలో తల్లితో సరిపోయినవి తీసివేస్తే, మిగిలినవి తండ్రిలో కనబడాలి. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ ఈ విద్యను దేశీయంగా అభివృద్ధి చేసినాడు. కేరళలోని తలశ్శేరిలో ఒక బిడ్డ భరణం కేసులో ఈ పరీక్ష జరిగినది. 1991లో కేరళ హైకోర్టు దానిని ఆమోదించినది.

ఇంత ఖచ్చితమైన పరీక్షను ప్రతి తగవులోనూ ఎందుకు చేయించరాదు? భార్యపై ఊరక అనుమానపడేవానికి అది ఆయుధమవుతుంది. అందుకే 1993లో గౌతమ్ కుందు కేసులో సుప్రీంకోర్టు, అడిగినదే తడవుగా రక్తపరీక్షకు ఉత్తరువు ఇవ్వరాదన్నది. 2014లో అదే కోర్టు, డి.ఎన్.ఏ. నిజాన్ని బయటపెట్టిన తరువాత చట్టపు భావన దాని ముందు నిలువజాలదన్నది. ఈ రెండు తీర్పులూ ఒకదానికొకటి విరుద్ధం కావు. మొదటిది పరీక్ష గడప వద్ద కావలి. రెండవది గడప దాటిన సత్యానికి మన్నన. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ పాత 112వ సెక్షను భావన 116వ సెక్షనుగా నిలిచియున్నది.

తండ్రి ఎవరో విజ్ఞానం చెప్పగలదు. అంతవరకు బిడ్డ ఆకలి ఆగదు. కనుకనే 2001 సవరణ, మధ్యంతర భరణపు దరఖాస్తును నోటీసు అందిన 60 దినాలలో సాధ్యమైనంతవరకు తేల్చాలన్నది.