ముఖాసాలు, ముఠాలు, ముచ్చిలికలు

ఉత్తరాంధ్రలో భూమి మీద హక్కు చాలాకాలం సేవకు ప్రతిఫలంగానే దక్కింది. ముఖలింగం ప్రాంతం నుంచి ఏలిన తూర్పు గాంగులు తమ రాగిశాసనాల్లో బ్రాహ్మణులకు అగ్రహారాలు ధారపోసి, వాటిని అన్ని పన్నుల నుంచి మినహాయించారు. శ్రీకూర్మం, సింహాచలం శాసనాల్లో రాజులతో పాటు రాణులు, అధికారులు, నాయకులు కూడా దాతలుగా కనిపిస్తారు. దున్నేవాడి ప్రస్తావన మాత్రం అరుదు.

గోల్కొండ పాలనతో కొత్త మాటలు దిగాయి. 1652లో శ్రీకాకుళం ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ వెంట నడిచినవారే విజయనగరం పూసపాటివారికి, బొబ్బిలి రాజులకు మూలపురుషులని చెబుతారు. సర్కారు, పరగణా, పేష్కషు, ఇనాము అప్పటినుంచి ఊరి మాటలయ్యాయి. జమీందారు పైవాడికి పేష్కషు కట్టాలి. తన బంధువులకు, బంటులకు ఊళ్లను ముఖాసాగా ఇచ్చి, వాళ్ల నుంచి కట్టుబడి పేరుతో నామమాత్రపు సొమ్మూ, అవసరమైనప్పుడు కత్తిసాయమూ తీసుకుంటాడు. మామూలు రైతు సాగుచేసే జిరాయితీ భూమి మీదే అసలు శిస్తు భారం. సాలూరు, కురుపాం, మేరంగి, పాచిపెంట వంటి కొండవార జమీలను పద్దెనిమిదో శతాబ్దంలో పూసపాటివారు లొంగదీసుకున్నారు. రాజు కింద రాజు, ఆ రాజు కింద ముఖాసాదారు: ఐరోపా మధ్యయుగపు అంతస్తులకు దీనికన్నా దగ్గర పోలిక తెలుగునాట దొరకడం కష్టం.

ఈ కట్టడం కూలడానికి బకాయి చాలింది. గోల్కొండ తర్వాత పైవాడైన ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తగ్గించమనీ, పేష్కషు బాకీ తీర్చమనీ ఒత్తిడి చేసింది. విజయనగరం రాజు చిన విజయరామరాజు లొంగలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఆయన, ఆయన వెంట ఉన్న బంటులెందరో నేలకొరిగారు. తర్వాత ఆయన కుమారుడు నారాయణ గజపతికి జమీ తిరిగి దక్కింది గానీ, కొండ దొరలను కంపెనీ తన కిందికే తెచ్చుకుంది.

1802 శాశ్వత పైసలా నాటికి విజయనగరం జమీ 24 పరగణాలు, 1157 గ్రామాలు. పేష్కషు ఏటా ఐదు లక్షలు. సర్కారు సొంత అధీనంలోని హవేలీ భూములను ముఠాలుగా విడగొట్టి వేలం వేశారు. సైనికసేవకు భూమి పట్టే పద్ధతిని ఇంగ్లాండు 1660లోనే చట్టం చేసి తీసేసింది. ఇక్కడ ఆ పని పద్మనాభంతో, పైసలాతో జరిగింది. పేష్కషు మారదు, శిస్తుకు అలాంటి కట్టుబాటు లేదు. ఈ తేడాలోనే రైతు కష్టమంతా ఉంది. దివాణాలు ఊళ్లకు ఊళ్లు ఇజారాకిచ్చేవి. 1833లో స్వాధీనం చేసుకున్న పాలకొండ జమీని సర్కారు తర్వాత ఆర్బత్‌నాట్ అనే మద్రాసు వర్తక కంపెనీకే గుత్తకిచ్చింది. వ్యాపారి దొర అవతారమెత్తడం ఆ కాలానికి వింతేమీ కాదు.

రైతుకు మిగిలిన ఆధారం కాగితమే. జమీందారు పట్టా ఇవ్వాలి, రైతు ఒప్పుకోలుగా ముచ్చిలిక రాసివ్వాలి అని 1865 చట్టం చెప్పింది. అలా రాసుకున్నాక బకాయి పడితే పంటా పశువులూ జప్తయ్యేవి. 1908 ఎస్టేట్ల చట్టం జిరాయితీ భూమిలో రైతుకు శాశ్వత సాగుహక్కు ఇచ్చింది. జమీందారు సొంత కమతాన్ని అందులోంచి మినహాయించింది. ఏది కమతం, ఏది జిరాయితీ అన్న తగాదాలకు అక్కడే చోటు దొరికింది.

1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతు రక్షణ యాత్ర బయల్దేరింది. మందస జమీలో తగువు శిస్తుతో ఆగలేదు, అడవి కలప దాకా పోయింది. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు సాసుమానపురి కుటుంబపు కోడలు గున్నమ్మ బలయింది. ఆమె వీరగున్నమ్మగా జనం నోట నిలిచింది.

1948 చట్టంతో జమీందారీలు రద్దయి రైత్వారీ పట్టాలు వచ్చాయి. ఆ చట్టానికి అందని చిన్న ఇనాముల సంగతి తేల్చడానికి 1956లో ఆంధ్రలో మరో చట్టం చేయాల్సివచ్చింది.