పసినోటి సాక్ష్యం

బి.ఏ.లో నాది చరిత్ర. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా ఇప్పటికీ అప్పజెప్పగలను. కానీ ఒక చిన్నపిల్ల కోర్టుకొచ్చి "నాకిలా జరిగింది" అంటే ఆ మాట చెల్లుతుందా, చెల్లితే ఎప్పట్నుంచి అన్నది మాకు ఏ పాఠంలోనూ రాలేదు. అదీ చరిత్రే కదండీ!

మన ఇళ్ళల్లో పిల్లల మాటకున్న విలువ మనకు తెలియనిది కాదు. "చిన్నపిల్ల, దానికేం తెలుసు?" అనేస్తాం. చట్టం ఈ విషయంలో మనకన్నా కాస్త నయమే. 1872 నాటి సాక్ష్య చట్టం సాక్షికి ఇన్నేళ్ళు నిండి తీరాలని ఎక్కడా గీత గీయలేదు. అడిగింది అర్థం చేసుకుని, దానికి తగ్గ జవాబు చెప్పగలిగితే చాలంది. అందుకే జడ్జీగారు ముందుగా "ఏ క్లాసు చదువుతున్నావమ్మా? అబద్ధం ఆడొచ్చా?" లాంటి ప్రశ్నలు వేసి చూస్తారు. "అబద్ధమాడితే కళ్ళు పోతాయండీ" అని మన పిల్ల అన్నా, పిల్లకి మంచీచెడూ తెలుసని ఆయనకు అర్థమవుతుంది.

1951 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన ఒక తీర్పు నన్ను చాలా రోజులు వదల్లేదు. రాజస్థాన్ కేసది. అఘాయిత్యానికి గురైన పిల్లకి ఎనిమిదేళ్ళు. ప్రమాణమంటే ఏమిటో ఆ పసిదానికి తెలియదని, కింది కోర్టు ప్రమాణం చేయించకుండానే సాక్ష్యం తీసుకుంది. అలాంటి సాక్ష్యం చెల్లదని ముద్దాయి తరఫు వాదన. చెల్లుతుందన్నారు జస్టిస్ వివియన్ బోస్. ఆ పిల్ల జరిగిన నాలుగు గంటలకి తల్లితో చెప్పుకుంది. తల్లి ఆ మాటే కోర్టులో చెప్పింది. కన్నతల్లి సాక్ష్యం ఒక సాక్ష్యమా అన్న ప్రశ్న రానే వచ్చింది. తల్లి అయినంత మాత్రాన ఆమె మాట పనికిరాకుండా పోదని కోర్టు తేల్చింది. శిక్ష నిలబడింది.

సరే, మాట చెల్లింది. మరి ఆ మాట చెప్పడానికి పిల్ల ఎక్కడ నిలబడాలి? పెద్దవాళ్ళు నిలబడే బోనులోనే. ఎదురుగా ముద్దాయి, చుట్టూ నల్లకోట్లు, వరండా నిండా జనం. నోరు పెగలకపోతే "చూశారా, జవాబు లేదు" అనే ప్లీడరు. వాయిదా పడితే మళ్ళీ అదే రైలు, అదే వరండా, మళ్ళీ మొదటినుంచీ అదే కథ.

పంజాబులో 1984లో పరీక్షలు రాస్తున్న పదహారేళ్ళు నిండని అమ్మాయి విషయంలో జరిగింది చూడండి. మర్నాడు పరీక్ష హాల్లో టీచర్లతో ఎందుకు చెప్పలేదని కింది కోర్టు ఆమెనే అనుమానించింది, నడతనీ శంకించింది, ముద్దాయిల్ని వదిలేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పు తిరగేసి శిక్ష వేసింది. ఇలాంటి విచారణలు తలుపులు మూసి జరగాలనీ, అడ్డప్రశ్నలతో ఆడపిల్లని వేధిస్తుంటే జడ్జి చూస్తూ కూర్చోకూడదనీ గట్టిగా చెప్పింది. బాగానే ఉంది. కానీ ఆ అమ్మాయికి పన్నెండేళ్ళు గడిచిపోయాయి.

'సాక్షి' అనే సంస్థ వేసిన కేసులో 2004లో మరో అడుగు పడింది. పిల్లకి ముద్దాయి కనిపించకుండా అడ్డుగా తెర కట్టాలి. జరిగినదాని గురించిన అడ్డప్రశ్నలు ప్లీడరు రాసిస్తే, జడ్జీగారే మర్యాదైన మాటల్లో అడగాలి. మధ్యమధ్య పిల్లకి విశ్రాంతినివ్వాలి. ఎంత చిన్న విషయాలో! ఇంట్లో మనం చెయ్యమూ? ఏడుస్తున్న పిల్లని ముందు నీళ్ళు తాగనిచ్చే కదా అడుగుతాం.

2012 నవంబరు 14న, పిల్లల పండుగ రోజునే, పోక్సో చట్టం అమల్లోకొచ్చింది. వాంగ్మూలం తీసుకోవడానికి వచ్చే పోలీసు యూనిఫాంలో రాకూడదు. పిల్లని పదేపదే కోర్టుకి రప్పించకూడదు. నమ్మకమున్న మనిషి పక్కన ఉండాలి. వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగియాలి. హైదరాబాదులో 2016లో పోలీసుశాఖ 'భరోసా' కేంద్రం తెరిచింది. 2018లో అక్కడే పిల్లల కోసం కోర్టు ఏర్పడింది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది 'సపోర్ట్ పర్సన్' ఏర్పాటు. మన భాషలో తోడుమనిషి అందాం. కేసు మొదలైనప్పట్నుంచి చివరిదాకా బాలల సంక్షేమ కమిటీ నియమించిన ఆ మనిషి పిల్ల వెంట ఉంటుంది. వాయిదా ఎప్పుడో, కోర్టులో ఏం జరుగుతుందో, ఎవరెక్కడ కూర్చుంటారో ముందే చెబుతుంది. ముద్దాయి వైపునుంచి బెదిరింపులొస్తే తెలియజేస్తుంది. ఇలాంటి తోడు దొరుకుతుందని ప్రతి కుటుంబానికీ తెలియజెప్పాలనీ, తల్లిదండ్రుల ఇష్టానికే వదిలెయ్యకూడదనీ 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. ఏర్పాటు కాగితం మీద ఉంటే చాలదని దీన్నిబట్టే తెలియడం లేదూ?

నాకు మాత్రం ఇంత చరిత్రలో మళ్ళీమళ్ళీ గుర్తొచ్చేది పేరు తెలియని ఆ రాజస్థాన్ తల్లే. అప్పటికి తెరల్లేవు, తోడుమనుషుల్లేరు, 1098కి ఫోను చేసే దారి లేదు. పిల్ల వచ్చి చెప్పినప్పుడు "నోర్మూసుకో, నలుగురూ వింటే పరువేం కాను!" అని ఆమె అనేసి ఉంటే? ఆ కేసులో పిల్ల మాటకి బలమిచ్చే సాక్ష్యమే ఉండేది కాదు. సాయంత్రం వంటింట్లో మన కొంగు పట్టుకుని పిల్ల ఏదో నసుగుతుంటే, స్టవ్ కాస్త తగ్గించి వినండి. కూర మాడితే మాడనివ్వండి.