గురువు లేని బలిపీఠం: కొరియా తొలి కతోలిక సమాజం - దివ్యసత్ప్రసాదపు చెల్లుబాటు

ఉపోద్ఘాతం

దివ్యబలిపూజలో అప్పద్రాక్షారసాలు క్రీస్తు శరీరరక్తాలుగా మారుతాయన్నది కతోలిక విశ్వాసం. గురుపట్టాభిషేకం పొందిన గురువు లేకుండా ఈ దివ్యసత్ప్రసాదం సిద్ధిస్తుందా అన్న ప్రశ్నకు శ్రీసభ ఇచ్చే సమాధానం స్పష్టం: సిద్ధించదు. అయితే గురువు లభించే అవకాశమే లేని చోట, గృహస్థ విశ్వాసులు సదుద్దేశంతో తామే పూజ జరిపితే ఏమవుతుంది? 18వ శతాబ్ది చివర కొరియాలో ఈ ప్రశ్న నిజంగానే తలెత్తింది. ఆ ఉదంతం ఆధారంగా ఈ నియమం స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

సిద్ధాంత నేపథ్యం

1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభ తన తొలి ప్రకటనలోనే రెండు విషయాలు చెప్పింది. ఒకటి, సక్రమంగా అభిషిక్తుడైన గురువు తప్ప మరెవరూ దివ్యసత్ప్రసాదాన్ని సిద్ధింపజేయలేరు. రెండు, శ్రీసభ విధి ప్రకారం ఎవరు ఇచ్చినా జ్ఞానస్నానం రక్షణకు తోడ్పడుతుంది. క్రీస్తు కడరా భోజన సమయంలో అపొస్తలులనే గురువులుగా నియమించాడని 1562లో ట్రెంట్ మహాసభ ప్రకటించింది. కాబట్టి గురుత్వం సమాజం తన అవసరం కొద్దీ అప్పగించే బాధ్యత కాదు. అపొస్తలుల నుండి పీఠాధిపతుల హస్తనిక్షేపణ ద్వారా పరంపరగా సంక్రమించే అధికారం.

కొరియా ఉదంతం

కొరియాలో కతోలిక మతం విదేశీ గురువుల ద్వారా కాక, చైనా నుండి వచ్చిన గ్రంథాలను చదివిన కన్ఫ్యూషియన్ పండితుల ద్వారా వేళ్లూనుకొంది. వారిలో ఒకరైన యి సుంగ్-హున్ 1784లో బీజింగ్‌లో జ్ఞానస్నానం పొంది, స్వదేశానికి తిరిగివచ్చి మిత్రులకు తానే జ్ఞానస్నానమిచ్చాడు. 1786 ప్రాంతంలో ఈ సమాజం మరో అడుగు వేసింది. తమలో కొందరిని గురువులుగా ఎన్నుకొని, పాపసంకీర్తనం వినడం, దివ్యబలిపూజ జరపడం ప్రారంభించింది. ఇందులో ధిక్కారం లేదు. బీజింగ్‌లో చూసినదాన్ని, గ్రంథాల్లో చదివినదాన్ని వారు భక్తితో అనుసరించారు.

ఈ ఆచరణను మొదట ప్రశ్నించినది బయటి అధికారి కాదు. ఆ సమాజంలోని యూ హాంగ్-గోమ్ అనే విశ్వాసే గ్రంథపఠనం ద్వారా సందేహించాడు. దానితో వారు సంస్కారాలను నిలిపివేసి, 1789లో యున్ యు-ఇల్‌ను ఉత్తరాలతో రహస్యంగా బీజింగ్‌కు పంపారు. జ్ఞానస్నానం తప్ప తక్కిన సంస్కారాలు జరిపే అధికారం వారికి లేదని పీఠాధిపతి అలెషాండ్రె ద గోవెయా సమాధానమిచ్చాడు. అప్పటినుండి వారి అభ్యర్థన ఒక్కటే: మాకు గురువును పంపండి.

ఆ బంధానికి వారు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. పూర్వీకుల ఆరాధన కూడదన్న ఆదేశం కూడా 1790లో బీజింగ్ నుండే వచ్చింది. దాన్ని పాటించిన యున్ జి-చుంగ్‌కు 1791లో మరణశిక్ష పడింది. చైనా గురువు జౌ వెన్‌మో 1794 చివర రహస్యంగా కొరియాలో ప్రవేశించాడు. 1795లో అధికారులు ఆయన కోసం వచ్చినప్పుడు, ఆశ్రయమిచ్చిన చో ఇన్-గిల్ తానే ఆ గురువునని నటించి ఆయన తప్పించుకొనే వీలు కల్పించాడు. యున్ యు-ఇల్‌తో పాటు ప్రాణాలు కోల్పోయాడు. గురువుగా పూజ జరపలేని గృహస్థుడు గురువు పేరుతో మరణించాడు. 1801లో జౌ వెన్‌మోకు మరణశిక్ష అమలైన తరువాత, మూడు దశాబ్దాలకు పైగా కొరియాలో మళ్లీ గురువు లేడు. అయినా 1786 నాటి ప్రయోగం వైపు ఆ సమాజం తిరిగి మొగ్గలేదు.

పరిశీలన

ఈ ఉదంతం నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, కతోలిక దృష్టిలో అత్యవసరం అధికారాన్ని సృష్టించదు. రక్షణకు ద్వారమైన జ్ఞానస్నానాన్ని ఆపదలో ఎవరైనా ఇవ్వవచ్చు. దివ్యసత్ప్రసాదానికి ఆ వెసులుబాటు లేదు.

రెండవది, సక్రమత వేరు, చెల్లుబాటు వేరు. అధికారం నుండి తొలగించబడిన గురువు జరిపిన పూజ అక్రమమైనా చెల్లుతుంది. అభిషేకం లేనివారు జరిపినది అసలు సంస్కారమే కాదు. గురువు పాపం సంస్కారాన్ని రద్దు చేయదని దొనాతు వర్గానికి వ్యతిరేకంగా అగస్టీను వాదించాడు. ఆ తర్కానికి మరో ముఖమే ఇది: పాపం రద్దు చేయలేనిదాన్ని పుణ్యం సృష్టించనూ లేదు. ప్రాణాలకు తెగించిన కొరియా విశ్వాసుల భక్తి కూడా అభిషేకానికి ప్రత్యామ్నాయం కాలేదు.

మూడవది, సంస్కారం లేకపోవడం కృప లేకపోవడం కాదు. హింసల వల్లనో గురువుల కొరత వల్లనో దివ్యసత్ప్రసాదానికి దూరమైనవారు, శ్రీసభతో ఐక్యమై దాన్ని ఆకాంక్షిస్తే దాని ఫలాలు పొందుతారని 1983లో వాటికన్ విశ్వాససిద్ధాంత విభాగం పీఠాధిపతులకు రాసిన లేఖలో స్పష్టం చేసింది. గురువు లేని సమాజం తనంతట తానే ఒకరిని నియమించుకోవచ్చన్న వాదాన్ని తోసిపుచ్చిన లేఖ కూడా ఇదే.

ముగింపు

గురువు అనివార్యత మతాధికారుల ఆధిపత్యాన్ని కాపాడే నియమం మాత్రమేనన్న విమర్శ ఉంది. కొరియా చరిత్ర ఆ విమర్శను సంక్లిష్టం చేస్తుంది. అక్కడ ఆ నియమాన్ని గుర్తించినవారు, దాని కోసం పూజను మానుకొన్నవారు, గురువు కోసం ప్రాణాలిచ్చినవారు గృహస్థులే. తాము తయారుచేసుకొన్న దానికంటే తమకు అందవలసిన దాని కోసం వేచివుండడాన్నే వారు ఎంచుకొన్నారు. దివ్యసత్ప్రసాదం సమాజపు సృష్టి కాదు, సమాజానికి లభించే దానం అన్న కతోలిక భావనకు ఆ నిరీక్షణను మించిన చారిత్రక వ్యాఖ్యానం అరుదు.